సభ్యుల కాగితాలకు సొంత సర్వర్ – ఏది ఎంచుకోవాలి?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు అప్పగించిన పని ఒక్కటే. సభ్యుల పెన్షన్ కాగితాలు సంఘానికి చేరడానికి, సంఘం నుంచి తిరిగి వారికి వెళ్లడానికి మన సొంత సర్వర్ ఒకటి పెట్టుకోవాలని కార్యవర్గం అనుకుంది. దాని మీద ఏ సాఫ్ట్‌వేర్ నడపాలో చూసి చెప్పమన్నారు. నేను ఆర్.ఎమ్.ఎస్.లో సార్టరుగా చేరి, చివరి పదేళ్లు కంప్యూటరు విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మూడు నెలలపాటు నాలుగు రకాల సాఫ్ట్‌వేర్లు మన ఆఫీసులోని పాత కంప్యూటరు మీదే పెట్టి చూశాను.

ఈ అవసరం ఎందుకొచ్చిందో కొత్తగా చేరినవారికి కూడా తెలియాలి. పోయినేడు మన సభ్యుడొకరు కాలం చేశారు. ఆయన భార్య ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆయన పి.పి.ఓ., తన ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ ఫొటోలు తీసి, ఎవరికి పంపాలో తెలియక మన వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గ్రూపులో రెండు వందల పైచిలుకు ఫోన్లున్నాయి. ఏ తాతగారి ఫోను ఏ మనవడి చేతిలో ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పది రోజులకు ఎవడో ఫోను చేసి, పెన్షన్ ఆఫీసునుంచి మాట్లాడుతున్నానని, పి.పి.ఓ. నంబరు, ఖాతా నంబరు, ఆయన పోయిన తేదీ తు.చ. తప్పకుండా అప్పజెప్పాడు. అన్నీ సరిగ్గా చెబుతుంటే ఆవిడ నమ్మారు. ఓ.టి.పి. చెప్పారు. లక్షా పదివేలు పోయాయి. ఆ కాగితాలు మన గ్రూపునుంచే బయటికి పోయాయని ఎవరూ రుజువు చెయ్యలేదు. పోలేదని మనమూ గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పలేం.

వాట్సాప్‌లో తాళం లేదని నేననను. 2016నుంచి అందులో పంపేవారికీ అందుకునేవారికీ మధ్య ఎవరూ చదవలేని ఏర్పాటు ఉంది. కాని అది దారిలో ఉన్న తాళం. చేరాక రెండు వందల ఇళ్లలో రెండు వందల నకళ్లు మిగిలిపోతాయి.

ఫైళ్లు పంపుకోవడానికి కంప్యూటర్లలో మొట్టమొదటి పద్ధతుల్లో ఒకటి ఎఫ్.టి.పి. దాని తొలి రూపాన్ని 1971లో రాసింది మనవాడే. అభయ్ భూషణ్ అని, కాన్పూరు ఐ.ఐ.టి. మొదటి బ్యాచి విద్యార్థి, అప్పుడు అమెరికాలో ఎమ్.ఐ.టి.లో ఉన్నాడు. ఆనాటి యంత్రాలు ఒకరినొకరు ఎరిగిన విశ్వవిద్యాలయాలవి, పరిశోధన సంస్థలవి. అందుకే అందులో పాస్‌వర్డు కూడా పోస్టుకార్డు మీది రాతలాగా బాహాటంగా వెళ్లేది. 1995లో ఫిన్లాండులో ఒక విశ్వవిద్యాలయం నెట్‌వర్కు మీద ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు దొంగిలించారు. అక్కడి పరిశోధకుడు టాటూ ఇలోనెన్ దానికి విరుగుడుగా ఎస్.ఎస్.హెచ్. తయారుచేశాడు. దాని మీద నడిచే ఫైళ్ల పద్ధతి ఎస్.ఎఫ్.టి.పి. ఇది లక్క సీలు వేసిన ఇన్‌ష్యూర్డ్ కవరు వంటిది. ఎవరైనా ఉత్త ఎఫ్.టి.పి. చాలునంటే ఒప్పుకోకండి.

తాళం గట్టిది దొరికింది కదా, పని అయిపోయిందనుకుంటారు చాలామంది. 2023లో జరిగింది వినండి. మూవ్‌ఇట్ ట్రాన్స్‌ఫర్ అని, పెద్ద పెద్ద సంస్థలు తమ సర్వర్లలో పెట్టుకుని ఫైళ్లు పంపుకునే ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఒకటుంది. భద్రతకు పేరుపడ్డదే. ఆ ఏడు మే నెలాఖరున, తయారుచేసినవాళ్లకే తెలియని లోపం ఒకటి పట్టుకుని క్లాప్ అనే దొంగల ముఠా ప్రపంచమంతటా ఆ సర్వర్లలోకి దూరింది. సవరణ మే 31న వచ్చేసరికే చాలాచోట్ల ఫైళ్లు పోయాయి. పోయినవాటిలో మనకు దగ్గరి సంగతి ఒకటుంది. కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల పెన్షన్ సంస్థ కాల్పర్స్ తన పెన్షనర్లలో ఎవరు బతికున్నారో, ఎవరు పోయారో సరిచూడ్డానికి ఒక బయటి కంపెనీని పెట్టుకుంది. మన లైఫ్ సర్టిఫికెట్టు లాంటి వ్యవహారమే. కాల్పర్స్ కంప్యూటర్లకు ఏమీ కాలేదు. ఆ కంపెనీ మూవ్‌ఇట్ సర్వర్‌నుంచి దాదాపు 7,69,000 మంది పెన్షనర్ల, వారి వారసుల పేర్లు, పుట్టినతేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు దొంగల చేతికి పోయాయి. భార్యాభర్తల పేర్లు, పిల్లల పేర్లు కూడా పోయి ఉండవచ్చని కాల్పర్స్ ప్రకటించింది.

తయారుచేసినవాళ్లకే తెలియని లోపాన్ని మనం ముందుగా కనిపెట్టలేం. కాని దొంగ లోపలికొచ్చిన రాత్రి అక్కడ ఏముందన్నది మాత్రం మన చేతిలో ఉంది. ఆర్.ఎమ్.ఎస్. వ్యానులో సంచీ ప్రయాణం చేస్తుంది, కాపురం చెయ్యదు. స్టేషన్లో సంచులు దింపి, లిస్టు మీద సంతకం తీసుకుని, ఖాళీ వ్యాను చూసుకుని దిగేవాళ్లం. మన సర్వర్ కూడా వ్యాను కావాలి, గోడౌను కాకూడదు.

అందుకని ఏ సాఫ్ట్‌వేర్ చూసినా నేను మొదట చూసింది, ఫలానా రోజులు దాటిన ఫైలు దానంతటదే చెరిగిపోతుందా అని. తరువాత చూసింది, సభ్యుడికి ఖాతా, పాస్‌వర్డు లేకుండా కాగితం వేసే వీలుందా అని. మూడు వందలమందికి పాస్‌వర్డులిస్తే మూడు వందల చీటీలు ఫోను కవరు వెనక చేరతాయి. తపాలా పెట్టెలో ఉత్తరం వెయ్యడానికి తాళంచెవి అక్కర్లేదు, తియ్యడానికే కావాలి.

నెక్స్ట్‌క్లౌడ్ 2016లో వచ్చింది. పుష్కలంగా సదుపాయాలున్నాయి. కేలెండరు, ఫొటోలు, మాటామంతీ అన్నీ ఉన్నాయి. వేసేవారికి మాత్రమే పనికొచ్చే లింకు ఇవ్వవచ్చు, దానికి గడువూ పెట్టవచ్చు. మా అబ్బాయి కూడా ఇదే పెట్టమన్నాడు. కాని దాని కింద వేరే డేటాబేసు నడవాలి. ఏటా కొత్త వెర్షన్లు వస్తాయి, మధ్యలో ఒకటి దాటేసి పైదానికి పోవడానికి లేదు, మెట్టు మెట్టూ ఎక్కాలి. రెండేళ్లు ఎవరూ చూడకపోతే తరువాత చూసేవాడికి నడుం విరుగుతుంది. పదిమంది జీతగాళ్లున్న ఆఫీసుకు మంచిదే, మనకు బరువు.

సీఫైల్ చాలా వేగం. అయితే ఫైళ్లను ముక్కలు చేసి తన పద్ధతిలో దాచుకుంటుంది. సర్వర్ చెడిపోతే డిస్కు తీసి నేరుగా ఫైలు చూడ్డానికి కుదరదు. సింక్‌థింగ్ నాకు నచ్చింది, నడుమ సర్వరే అక్కర్లేదు. కాని రెండువైపులా యంత్రాలు ఒకేసారి నడుస్తూ ఉండాలి, లింకు పంపే పద్ధతి లేదు. కార్యదర్శి, కోశాధికారి లెక్కలు పంచుకోవడానికి సరిపోతుంది.

చివరికి నేను సిఫారసు చేస్తున్నది ఎస్.ఎఫ్.టి.పి.గో. ఉచితం, సోర్సు కోడు ఎవరైనా చూడవచ్చు. ఒక్క ప్రోగ్రాము, వేరే డేటాబేసు పెట్టనక్కర్లేదు. ఫైళ్లు డిస్కు మీద మామూలు ఫైళ్లుగానే ఉంటాయి. వెయ్యడానికి మాత్రమే పనికొచ్చే లింకు ఇస్తుంది. దానికి పాస్‌వర్డు, గడువు, ఎన్నిసార్లు వాడవచ్చో లెక్క, మూడూ పెట్టవచ్చు. పాతబడ్డ ఫైళ్లు చెరిపే నియమం రాసుకోవచ్చు, మనం పదిహేను రోజులు పెడదాం. ఎవరు ఎప్పుడు ఏ ఫైలు తీశారో పుస్తకంలో పడుతుంది, అదే మన అక్నాలెడ్జ్‌మెంటు కార్డు. చూడ్డానికి పేజీ ముచ్చటగా ఏమీ ఉండదు. ఉండనక్కర్లేదు.

దీనికీ లోపాలు రావని కాదు. ఎంతో పేరున్న ఓపెన్ ఎస్.ఎస్.హెచ్.లోనే 2024 జూలై 1న పెద్ద లోపం వెల్లడైంది, సవరణ అదే రోజు వచ్చింది. ఆ సవరణను మన యంత్రంలో వేసేవారు ఉండాలి గదా.

ఖర్చు సంగతి. యంత్రం ఉన్నదే. మన బ్రాడ్‌బ్యాండుకు బయటినుంచి చేరదగ్గ సొంత చిరునామా లేదు, అనేక ఇళ్లకు కలిపి ఒకటే ఇస్తారు. స్టాటిక్ ఐ.పి.కి వేరే కట్టాలి. యు.పి.ఎస్. ఒకటి కొనాలి. డిస్కు మొత్తానికి తాళం వేస్తాను, యంత్రం ఎత్తుకుపోయినా లోపలిది చదవలేరు. అయితే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు వెళ్లి పాస్‌వర్డు కొట్టాలి. ఆ శ్రమ తప్పదు. నకళ్ల విషయం కూడా అడిగారు. సభ్యుల కాగితాలకు నకలు వద్దే వద్దు, అసలు వారి బీరువాలోనే ఉంది. మినిట్సు, జమాఖర్చులు మాత్రం వేరే డిస్కులో వేరే ఇంట్లో ఉంచాలి.

వాడకం ఇలా ఉంటుంది. సభ్యుడు ఆఫీసుకు ఫోను చేస్తే, లింకు ఆయన ఒక్కడి ఫోనుకే వస్తుంది, పాస్‌వర్డు నోటితో చెబుతాం. లోపలి తాళంచెవులు ముగ్గురి దగ్గరే, పాస్‌వర్డుతోపాటు ఫోనులో వచ్చే కోడు కూడా కొట్టాలి. ఆ ముగ్గురిలో ఒకరు నెలనెలా మొదటి ఆదివారం వెళ్లి సవరణలు వెయ్యాలి. కార్యదర్శిగారు, నేను ఉన్నాం. మూడోవారు కావాలి. అరవై ఐదు లోపువారైతే మేలు, నేను నేర్పుతాను. సభ్యుల పిల్లలైనా సరే, కార్యవర్గం ఒప్పుకుంటే. ఆ మూడో మనిషి దొరికాకే సర్వర్ తెరుస్తాం, అంతకుముందు కాదు.

ఆ అక్కయ్యగారి కాగితాల ఫొటోలు ఇంకా చాలామంది ఫోన్లలో ఉన్నాయి. గ్యాలరీలోనూ ఉంటాయి, గ్రూపులోనూ ఉంటాయి. తీసెయ్యడం తెలియనివారు వెనక బల్ల దగ్గర కూర్చున్న పిల్లల్ని అడగండి. భోజనాలకు లేచేముందు ఆ పని కానిద్దాం.