లిబీడో: ఒక లాటిన్ మాట, దాని చుట్టాలు



మనస్తత్వశాస్త్రం చదివే మీలో చాలామందికి 'లిబిడో' అన్న మాట ఫ్రాయిడ్ ద్వారానే పరిచయమై ఉంటుంది. కామవాంఛ అని అర్థం రాసుకొని ముందుకు సాగిపోతారు. ఆయన 1905లో వెలువరించిన వ్యాసాల్లో దానిని ఆ అర్థంలోనే వాడారు. కాని అదే అర్థం పట్టుకొని రోమన్ల పుస్తకం తెరిస్తే వాక్యం దారి తప్పుతుంది. చరిత్రకారుడు సల్లస్టు, ఆయన తర్వాత ఎన్నో శతాబ్దాలకు అగస్టీను 'లిబీడో డామినాండీ' అన్నారు. ఇతరుల మీద పెత్తనం చేయాలన్న ఆశ అది. మన మాటల్లో అధికార దాహం. సిసిరో లెక్కలో మనసును కలచివేసే వికారాలు నాలుగు: ఉబ్బిపోయే సంతోషం, భయం, దుఃఖం, నాలుగోది ఈ లిబీడో.

ఇది స్త్రీలింగ పదం. విభక్తి చేరితే 'న'కారం బయటపడుతుంది: ద్వితీయలో 'లిబీడినెమ్', షష్ఠిలో 'లిబీడినిస్'. పాత రాతలో ఇది 'లుబీడో'. ఆ 'లు' చూడగానే మీకు ఏదో తట్టాలి. సంస్కృతంలోని 'లుభ్' ధాతువు దీనికి దగ్గరి చుట్టం. మన 'లోభం', ఇంగ్లీషు 'లవ్', ఢిల్లీ దుకాణాల ప్రకటనల్లో కనిపించే 'లుభావనా' అన్నీ ఒకే కుదురువి. అయితే తెలుగులో లోభి అంటే పిసినారి. కోరిక కాస్తా మూసిన గుప్పిలి అయింది!

ఇక క్రియ సంగతి. 'లిబెట్' అన్న క్రియకు కోరే మనిషి కర్త కాడు. 'మిహి లిబెట్' అంటే 'నాకు ఇష్టం'. 'మిహి' అంటే 'నేను' కాదు, 'నాకు'. ఇంగ్లీషు వ్యాకరణాలు దీనిని 'ఇట్ ప్లీజెస్ మీ' అని మెలిక తిప్పి నేర్పుతాయి. ఇంట్లో 'నాకు కావాలి' అని, బయట ఆటో ఎక్కుతూ 'ముఝే చాహియే' అని రోజూ అనే మీకు ఆ మెలిక దేనికి? లాటిన్‌ను ఇంగ్లీషు మీదుగా కాక తెలుగు మీదుగా చదవండి; ఈ పాఠం సగం మీకు ముందే వచ్చు. కోరేవాడే కర్త అయ్యే 'కుపియో' కూడా లాటిన్‌లో ఉంది, మన 'కోరుతున్నాను' లాగా.

ఒక చిన్న అభ్యాసం. 'నోబిస్ లిబెట్' అన్న వాక్యాన్ని హిందీలోకి మార్చండి. 'హమేఁ' అంటే సరిపోతుంది. ఇప్పుడు తెలుగులోకి మార్చండి. మాకు ఇష్టమా, మనకు ఇష్టమా? లాటిన్ ఆ తేడా చూపదు, హిందీ చూపదు. తెలుగులో మాత్రం మీరు తేల్చుకోక తప్పదు.