పేజీకి పేరు పెట్టేటప్పుడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం వెబ్‌సైటు చేసింది నేనే. అందులో తప్పూ నాదే. విదేశంలో ఉన్న మన బ్యాచ్ మిత్రుడు ఫోన్ చేసి, "ఎంత వెతికినా మన బడి దొరుకుతలేదురా" అన్నాడు. చూద్దును కదా, ప్రతి పేజీకీ టైటిల్ 'హోమ్' అనే ఉంది! హాజరుపట్టీలో పిల్లలందరికీ 'అబ్బాయి' అని రాస్తే సారు ఎవరిని పిలుస్తారు?

గూగుల్‌లో వెతికితే పెద్ద అక్షరాల్లో వచ్చే వరుస చాలావరకు ఆ టైటిల్ నుంచే వస్తుంది. అందుకే ఇప్పుడు బడి పేరు, మట్టెవాడ, వరంగల్, ఆ పేజీలో ఉన్న విషయం – ఇవన్నీ టైటిల్‌లో పెట్టాను. ఏ పేజీది దానికే. కింద కనిపించే చిన్న వివరణ మనల్ని పైవరుసకు తేదు కానీ, చదివినవాడు నొక్కాలా వద్దా అన్నది చాలాసార్లు అక్కడే తేలుతుంది. ఇక కీవర్డ్స్ ట్యాగ్‌ను ర్యాంకుకు లెక్కలోకి తీసుకోమని గూగుల్ 2009లోనే చెప్పింది. అది రాసిపెడతామని డబ్బులడిగే వాళ్లు ఇంకా ఉన్నారు. ఇవ్వకండి.

మన పక్కనే కొత్తవాడ ఉంది. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. నేసిన మనిషి తన పేజీకి 'వెల్‌కమ్' అని పేరు పెట్టుకుంటే కొనేవాడికి ఎట్లా తెలుస్తుంది? మనం జంపఖానా అంటాం, ఢిల్లీవాడు దర్రీ అంటాడు, ఇంగ్లీషులో దానికే రెండు స్పెల్లింగులు. 'వరంగల్ చేనేత దర్రీలు, జంపఖానాలు – కొత్తవాడ' అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసుకోవాలి. యునెస్కో 2021లో మన గుడిని 'కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయం' అని రాసుకుంది. దేవుడి పేరూ ఉంది, జనం పిలిచే పేరూ ఉంది. అదే పద్ధతి. హనుమకొండ, హన్మకొండ రెండూ పేజీలో ఒక్కోసారి వస్తే చాలు. ఇరవైసార్లు రాస్తే చదివేవాడికి విసుగు, గూగుల్‌కు అనుమానం.

ఒక్క పని మిగిలింది. మన సావనీర్ అను ఫాంట్లలో కంపోజ్ అవుతోంది. అట్లనే వెబ్‌లో పెడితే గూగుల్‌కు అది తెలుగే కాదు, పిచ్చిగీతలు. యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతుంటాయి. ప్రూఫులు చూడటానికి మన తెలుగు సార్లు ఇద్దరైనా కావాలి. ఫొటోల కింద ఎవరెవరో పేర్లు చెప్పడానికి పాత బ్యాచ్‌ల వాళ్లు కూడా. భోజనాల తర్వాత నేను స్టేజీ పక్కనే ఉంటాను.