గుర్రం దిగిన సవార్లు

ఈ ఉపన్యాసం నాంపల్లిలో ఏర్పాటు కావడం నా విషయానికి కలిసొచ్చింది. ఇక్కణ్ణుంచి మాసాబ్ ట్యాంక్ వైపు వెళ్తే ఏసీ గార్డ్స్ వస్తుంది, ఆ పైన ఫస్ట్ లాన్సర్. రెండూ నిజాం అశ్వదళాల పేర్లే. ఆటోవాలాకు బస్తీ తెలుసు. ఆ లాన్సర్ల దళం 1914లో ఎక్కడికి పోయిందో మనకు తెలియదు.

ఆ ఏడాది మొదటి ప్రపంచ యుద్ధ ఖర్చులకు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 60 లక్షల రూపాయలు ఇవ్వజూపాడు. ఆయన లాన్సర్లు ఈజిప్టు చేరి సూయజ్ కాలువకు కాపలా కాశారు. సికింద్రాబాద్ అశ్వదళ బ్రిగేడు ఫ్రాన్సుకు వెళ్లింది. అందులోని 20వ దక్కన్ హార్స్ రెజిమెంటు పాత హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం వారసత్వమే.

నేను మాట్లాడదలచింది ఫ్రాన్సు వెళ్లినవాళ్ల గురించి. అక్కడ గుర్రాలకు పని లేకపోయింది. సవార్లను దింపి ఫెస్టూబెర్ దగ్గర కందకాల్లోకి పంపారు. తవ్విన కొద్దీ నీళ్లూరే నేల అది. పైగా చలికాలం. రోజుల తరబడి తడి బూట్లలో నిలబడితే పాదాలు ఉబ్బి, మొద్దుబారి, చివరికి కుళ్లేవి.

తెల్లవారకముందే అందరూ తుపాకులకు బాయ్‌నెట్లు తగిలించి గోడ దగ్గర నిలబడాలి. శత్రువు మీదపడేది ఎక్కువగా ఆ వేళే. పగలు తలెత్తితే ప్రాణం పోతుంది కనుక వంతులవారీగా కునుకు, తుపాకీ శుభ్రం, చొక్కా కుట్లలో పేలు ఏరుకోవడం. అసలు చాకిరీ చీకటిపడ్డాక మొదలు. కూలిన గోడను ఇసుక బస్తాలతో ఎత్తాలి, ముళ్లతీగ సరిచేయాలి, నీళ్లు తోడిపోయాలి, వెనకనుంచి తిండీ గుళ్లూ మోసుకురావాలి. సినిమా చూసి కందకమంటే కేకలేస్తూ పైకి దూకడం అనుకుంటాం. సిపాయి చేతిలో తుపాకీ కంటే పలుగూ పారా ఎక్కువసేపు ఉండేవి. చెరువు పూడిక తీసినవాడికి ఆ బతుకు చప్పున అర్థమవుతుంది.

తిండి విషయంలో బ్రిటిష్ సర్కారు జాగ్రత్తపడింది, దయతో కాదు, సిపాయిలు తిరగబడతారన్న భయంతో. గోధుమపిండి, పప్పు, నెయ్యి, బెల్లం ఇచ్చేవారు. మేకల్ని ప్రాణాలతో తెచ్చి హలాల్, ఝట్కా వేర్వేరుగా కోయించేవారు. ఉత్తరాల దగ్గర మాత్రం ఆ మర్యాద లేదు. చాలామంది రాయడం రాక మరొకరితో రాయించుకునేవారు, ఆపైన సెన్సారు అధికారులు చదివేవారు. సిపాయిలేం తక్కువ తిన్నారా! నల్ల మిరియాలంటే మనవాళ్లు, ఎర్ర మిరపంటే తెల్లవాళ్లు. ఏది ఎంత ఖర్చయిపోతోందో ఇంటికి అలా చెప్పేవారు.

1916 జూలై 14 సాయంత్రం హైవుడ్ దగ్గర దక్కన్ హార్స్‌కు గుర్రమెక్కే అవకాశం వచ్చింది. బల్లేలతో పంటచేలమీదుగా దూసుకుపోయారు. రాత్రికి మళ్లీ దిగి నేలనే నమ్ముకున్నారు. పుస్తకాలన్నీ ఆ సాయంత్రాన్నే రాస్తాయి, కందకంలో గడిచిన రాత్రుల్ని వదిలేస్తాయి.

ఢిల్లీ తీన్‌మూర్తిలో 1924 నాటి మూడు విగ్రహాల్లో ఒకటి ఈజిప్టు వెళ్లిన హైదరాబాద్ లాన్సర్లది. ఢిల్లీలో వాళ్లకు విగ్రహం ఉంది, సొంత ఊళ్లో బస్టాపు పేరు మిగిలింది.

మీ ఇళ్లలో ముత్తాతల పతకమో, పెన్షను కాగితమో, ఉర్దూ ఉత్తరమో ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. అవి అబిడ్స్ ఆదివారం సంతలో ఫుట్‌పాత్ మీదికి చేరకముందే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఒకసారి చూపించండి.