దీపం ఆర్పితే కనిపించే వెలుగు

సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల తఖ్వా కలిగి జీవించవలసిందిగా మీకూ, మీకంటే ముందు నాకూ హితబోధ చేసుకుంటున్నాను.

దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌నూర్ సూరా 40వ ఆయత్‌లో, సత్యతిరస్కారుల కర్మలను అగాధ సముద్రంలోని పొరలు పొరల చీకట్లతో పోల్చడం జరిగింది. అల్లాహ్ ప్రసాదించనిదే ఎవరికీ వెలుగు లేదన్నది ఆ ఆయత్ బోధించే సత్యం. అంతటి చీకటి సముద్రంలోనూ అల్లాహ్ తన ప్రాణికోటికి వెలుగునిచ్చాడు. మన పల్లెల్లో మిణుగురు పురుగును చూసినవారికి ఆ చల్లని వెలుగు తెలుసు. సముద్రజీవుల దేహంలోనూ ఒక పదార్థం ప్రాణవాయువుతో కలిసి అటువంటి వెలుగునే పుట్టిస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియా తీర సముద్రంలో 17 ఏళ్లపాటు తీసిన వీడియోలను పరిశీలించి, 2017లో శాస్త్రజ్ఞులు ఒక విషయం ప్రకటించారు. అక్కడ ఉపరితలం నుండి 4 కిలోమీటర్ల లోతు వరకు కనిపించిన జీవులలో సుమారు నాలుగింట మూడు వంతులు స్వయంగా వెలుగునిచ్చేవే. సుబ్‌హానల్లాహ్!

సోదరులారా! ఆ వెలుగును చిత్రించడానికి జీవితాన్ని వెచ్చించిన శాస్త్రవేత్త ఎడిత్ విడ్డర్. 1984లో ఆమె ప్రత్యేక రక్షణ కవచంలో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా జలసంధిలో 880 అడుగుల లోతుకు దిగారు. అక్కడ తన దీపాలు ఆర్పివేశారు. ఆర్పిన తరువాతనే చుట్టూ మెరిసే జీవుల వెలుగు ఆమెకు గోచరించింది. మన దీపం వెలుగుతున్నంత సేపూ వాటి వెలుగు మనకు కనబడదు. అంతేకాదు, మన తీక్షణమైన కాంతికి ఆ జీవులు బెదిరి పారిపోతాయి. అందుకే ఆమె, లోతుల్లో నివసించే జీవులలో అధికభాగం చూడలేని ఎర్రని కాంతితో పనిచేసే కెమెరాను సిద్ధం చేశారు. జెల్లీచేప వెలుగును అనుకరించే చిన్న కృత్రిమ దీపాన్ని ఎరగా అమర్చారు. 2012లో జపాన్‌కు చెందిన ఒగసవారా దీవుల సమీపంలో, అంతవరకు సముద్రపు లోతుల్లో ఎవరూ వీడియో తీయలేకపోయిన మహాకాయ స్క్విడ్ ఆ విధానంతోనే కెమెరాకు చిక్కింది.

ఒక సముద్రజీవిని చిత్రించేటప్పుడు దాని కళ్లకు ఇబ్బంది కలుగరాదని ఇంత జాగ్రత్త! మరి మనం ఆదమ్ సంతతిని చిత్రించేటప్పుడు ఏమి చేస్తున్నాము?

గత రమజానులో ఒకచోట పేదలకు సరుకుల పంపిణీ జరిగింది. సంచి అందుకుంటున్న ప్రతి ఒక్కరినీ ఆపి, దాత వైపు తిప్పి, ఫోటో తీశారు. కొన్ని రోజుల తరువాత ఒక వితంతువు నా వద్దకు వచ్చి, "హజ్రత్! బియ్యం ఇచ్చారు, అల్లాహ్ వారికి మేలు చేయాలి. కానీ ఆ ఫోటో నా బిడ్డ చదివే బడిలో అందరి ఫోన్లకూ చేరింది. వాడు బడికి పోనంటున్నాడు" అన్నది. సోదరులారా! ఆ ఫోటోలో దాత పక్కన నిలబడినవాడిని నేనే. ఆ రోజు నోరు తెరచి ఒక్క మాట చెప్పలేదు. అల్లాహ్ నన్ను క్షమించుగాక!

చాటి చెప్పుకోవడం ద్వారా, మనసు నొప్పించడం ద్వారా దానాలను వ్యర్థపరచుకోవద్దని అల్‌బఖరా సూరా మనలను హెచ్చరిస్తున్నది. బహిరంగ దానమూ మంచిదే. కాని పేదలకు గోప్యంగా అందజేయడం మరింత శ్రేష్ఠమని అదే సూరా బోధిస్తున్నది. "దాతలకు లెక్క చూపవద్దా?" అని కొందరు అడుగుతారు. తప్పక చూపాలి, అది అమానతు. అందుకు రసీదులు ఉన్నాయి, ఖాతా పుస్తకం ఉంది. అవసరమైతే సంచుల ఫోటో తీయండి. పుచ్చుకొనేవారి ముఖాన్ని మాత్రం వదిలిపెట్టండి. ఇక మన పేరు నలుగురికీ తెలియాలన్న కోరికే మనలను కెమెరా ముందుకు నెడుతున్నట్లయితే, అది రియా. కర్మను లోలోపల తినివేసే చెదపురుగు అది.

కనుక నేటి నుండి మన మస్జిదు ప్రాంగణంలో పంపిణీ జరిగే వేళ ఎవరి ముఖమూ ఫోటో తీయరాదని మనవి చేస్తున్నాను. సాధ్యమైనంతవరకు సరుకులను రాత్రివేళ ఇళ్లకే చేరవేద్దాము. ఇందుకు యువకులు ముందుకు రావాలి. ఏ మానవ నేత్రమూ చూడని లోతుల్లో ఆ జీవులు యుగయుగాలుగా వెలుగుతూనే ఉన్నాయి. వాటిని సృష్టించినవాడు వాటిని చూస్తూనే ఉన్నాడు. చీకటిలో మనం చేసే మేలును కూడా ఆయన చూస్తాడు.

ఓ అల్లాహ్! మా కర్మలలో చిత్తశుద్ధిని ప్రసాదించు. మా చేతుల వలన ఏ పేదవాని గౌరవమూ భంగపడకుండా కాపాడు. మా సమాధుల చీకటిలో మాకు వెలుగునివ్వు. ఆమీన్.