బదిలీ చేయలేని అధికారి
(స్మారకోపన్యాస పాఠం)

 ఈ ఉపన్యాసం ఎవరి స్మారకంగా జరుగుతోందో ఆ మాస్టారి గుణగణాలు చెప్పడానికి నాకంటే తగినవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. నేను ఆయన చేసిన హెడ్మాస్టరు ఉద్యోగం గురించి మాట్లాడతాను.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల హెడ్మాస్టరు గెజిటెడ్ అధికారి. ఆకుపచ్చ సిరాతో సంతకం పెడతారు. కానీ తన బడికి ఒక్క టీచరును నియమించుకోలేరు, ఒక్కరిని బదిలీ చేయలేరు. నియామకం డీఎస్సీది, బదిలీ కౌన్సెలింగుది. బడిలో పనిచేసేవాళ్లలో ఎవరి ఆర్డరు మీదా ఆయన సంతకం ఉండదు. వాళ్లందరి చేతా పని చేయించవలసిన బాధ్యత మాత్రం ఆయనదే. పదో తరగతి ఫలితాలు తగ్గితే మెమో వచ్చేది ఆయనకే.

పైగా నిన్నటిదాకా ఆయన కూడా స్కూల్ అసిస్టెంటే. ఒకే క్యారియర్లో పులిహోర పంచుకుని తిన్నవాళ్లు ప్రమోషన్ రాగానే ‘సార్’ అనవలసి వస్తుంది. స్టాఫ్ రూములో సంఘం నాయకుడొకరు తప్పకుండా ఉంటారు. ఆయనకు జీవోలు హెడ్మాస్టరుకంటే బాగా తెలుసు. మొదటి పరీక్ష టైం టేబులుతోనే వస్తుంది. పదో తరగతి ఎవరికి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆరో తరగతి ‘బి’ సెక్షన్ ఎవరికి? కష్టమైన పిరియడ్ తన పేరున వేసుకున్న హెడ్మాస్టరు తరవాత ఎవరికేం వేసినా గొణుగుడు తక్కువ.

అధికారం అసలే లేదనను. జీతాలు డ్రా చేసి పంచే అధికారి, అంటే డీడీఓ, ఆయనే. జీతాల బిల్లు, వార్షిక ఇంక్రిమెంటు, జీపీఎఫ్ లోను, సర్వీసు రిజిస్టరు (ఎస్సార్)లో ఎంట్రీ అన్నీ ఆ బల్ల మీదుగానే కదలాలి. కూతురి పెళ్లికని లోను పెట్టుకున్న టీచరు దరఖాస్తును ‘చూద్దాం లెండి’ అంటూ డ్రాయరులో పడేస్తే అడిగేవాళ్లుండరు. అలా పడేసినవారు ఉన్నారు. ఆ టీచరు ఆ ఏడు పదో తరగతికి సాయంత్రం క్లాసులు తీసుకోడు. తీసుకోనని కూడా చెప్పడు, సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయనకు నడుంనొప్పి పట్టుకుంటుంది. మరో బడిలో హెడ్మాస్టరు అడగకుండానే ఇంక్రిమెంటు వేయించి, ‘ఎస్సార్ ఒకసారి చూసుకోండి సార్’ అని పిలుస్తారు. అక్కడ సాయంత్రం క్లాసుకు ఎవరినీ బతిమాలనక్కర్లేదు. ఈ మర్యాద ఏ శిక్షణలోనూ నేర్పగా నేను చూడలేదు. శిక్షణల్లో ‘నాయకత్వం’ మీద స్లైడ్లు ఉంటాయి, మధ్యలో టీ ఉంటుంది.

హాజరు పట్టీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు నుంచి టీచర్లు ఫోనులోని యాప్‌కు ముఖం చూపించి హాజరు వేసుకోవడం మొదలైంది. అంతకుముందు పట్టీ హెడ్మాస్టరు బల్ల మీద ఉండేది. బస్సు తప్పి పది నిమిషాలు ఆలస్యమైన టీచరు ఆ గదిలోకి వచ్చి, ఒక మాట చెప్పి, సంతకం పెట్టాలి. ఆ మాటలోనే అత్తగారు ఆసుపత్రిలో ఉన్నారనో, పిల్లవాడికి జ్వరమనో తెలిసేది. ఆ రోజు ఆ టీచరు మొదటి పిరియడ్ మూడోదానికి మారేది. ఆ పట్టీ పక్షపాతానికీ పనికొచ్చిందని నాకు తెలుసు. నచ్చినవాడి ఆలస్యం కనబడదు, నచ్చనివాడికి ఎర్రగీత తప్పదు. అందువల్ల యాప్ వద్దని వాదించను. కానీ అది ఆలస్యాన్ని లెక్కపెట్టగలదే తప్ప, ఎందుకైందని అడగలేదు. ఇప్పుడు హెడ్మాస్టరు తనే లేచి స్టాఫ్ రూముకు వెళ్లి అడగాలి. వెళ్లేవారు వెళుతున్నారు.

బడి అధికారం కంటే నమ్మకం మీద నడవడం మన ప్రభుత్వ బడుల ప్రత్యేకత అనుకోకండి. 1988లో వచ్చిన చట్టంతో అమెరికాలోని షికాగో నగరంలో బడి బడికీ స్థానిక మండలి ఏర్పడింది. అందులో తల్లిదండ్రులే ఎక్కువ. ప్రిన్సిపాలును నాలుగేళ్ల ఒప్పందం మీద పెట్టుకునేదీ, వద్దనుకునేదీ ఆ మండలే. మన హెడ్మాస్టరు కలలో కూడా ఎరగని వ్యవస్థ. ఆ బడులను ఏళ్ల తరబడి పరిశీలించి ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అనే పరిశోధకులు 2002లో ఒక పుస్తకం రాశారు. టీచర్లు, ప్రిన్సిపాలు, తల్లిదండ్రుల మధ్య నమ్మకం గట్టిగా ఉన్న బడుల్లో రెండింటికి ఒకటి చొప్పున లెక్కల్లో, చదవడంలో మెరుగుపడితే, నమ్మకం బలహీనంగా ఉన్నచోట ఏడింటికి ఒకటే మెరుగుపడింది. ఆ నమ్మకాన్ని వాళ్లు నాలుగు విషయాల్లో చూశారు. ఎదుటివారిని గౌరవించడం, ఉద్యోగధర్మానికి మించి పట్టించుకోవడం, పని తెలిసి ఉండటం, అన్న మాట మీద నిలబడటం. అంత చట్టబద్ధమైన ఏర్పాటు ఉన్నచోటనే బడిని నడిపింది ఇవైతే, అధికారం అంతంతమాత్రమైన మన దగ్గర వేరే దారేముంది?

తల్లిదండ్రుల విషయానికొస్తే, 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు వాళ్లే ఉండాలంది, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలంది. చాలాచోట్ల ఆ కమిటీ తీర్మానాల పుస్తకంలో వేలిముద్రగా మిగిలింది. ఆంధ్రప్రదేశ్‌లో బడులను బాగుచేసే నాడు–నేడు పనులప్పుడు మాత్రం సిమెంటు బస్తాలు లెక్కపెట్టడానికి వచ్చిన తల్లులు, పనయ్యాక పిల్లల నోటుపుస్తకాలూ అడిగి చూసిన బడులున్నాయి. ‘మీకెందుకమ్మా’ అనని హెడ్మాస్టరు దొరికినచోటే అది జరిగింది. మధ్యాహ్న భోజనం బిల్లులు ఆలస్యమైనప్పుడు వంటమ్మకు కిరాణా కొట్లో అప్పు పుట్టేది కూడా హెడ్మాస్టరు మాట మీదే. ఆ మాటకు ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

చివరగా ఒక విన్నపం. హెడ్మాస్టరు ఒకే బడిలో ఉండగలిగేది మహా అయితే అయిదేళ్లు. వెళ్లేటప్పుడు చార్జి అప్పగిస్తారు. అడ్మిషన్ రిజిస్టరు, క్యాష్ బుక్కు, బీరువా తాళాలు, కుర్చీలు ఎన్ని, విరిగినవెన్ని. ఏ టీచరుతో ఎలా మాట్లాడాలి, కమిటీలో ఎవరి మాట ఊళ్లో చెల్లుతుంది, ఏ పిల్ల బడి మానేయబోతోంది అన్నవి ఆ జాబితాలో ఉండవు. కొత్తవారు అదంతా మొదటినుంచీ సంపాదించుకోవాలి, ఈలోపు ఒక విద్యాసంవత్సరం గడిచిపోతుంది. వెళ్లేవారూ వచ్చేవారూ ఒక వారం కలిసి ఆ బడిలో పనిచేసేలా బదిలీ ఉత్తర్వులు ఇవ్వండని విద్యాశాఖను కోరుతున్నాను. ఒకే పోస్టులో ఇద్దరికి ఆ వారం జీతం ఏ పద్దు కింద రాయాలని ట్రెజరీ అడుగుతుంది. అది ఆర్థిక శాఖ చూసుకోవలసిన చిన్న ఖర్చు.