తుఫాను వారం నేర్పిన పాఠం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"తుఫాను రోజుల్లో మనసు నిలకడగా ఉంచుకోవడం ఎలా" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను అలాంటి రోజుల్లో నిలకడగా ఉన్నవాణ్ణి కాను, తప్పు చేసినవాణ్ణి. ఆ అర్హతతోనే మీ ముందు నిలబడ్డాను.

అది 2023 డిసెంబరు మొదటి వారం. మిచాంగ్ తుఫాను 4వ తేదీన చెన్నైని ముంచెత్తి, 5వ తేదీ మంగళవారం మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో వీచింది. మన మార్కాపురానికి సముద్రం ఎక్కడో ఒంగోలు అవతల. మనకు తుఫాను అంటే రెండు మూడు రోజుల ముసురు. దాపరికం ఎందుకు, మనకది ఒక ఆశ కూడాను. ఆ ఏడాది ఆగస్టు నెల దేశం మొత్తం మీద 1901 తర్వాత ఎన్నడూ లేనంత పొడిగా గడిచింది. గుండ్లకమ్మ పారితే, కంభం చెరువుకు నీరు చేరితే, బోర్లలో నీటిమట్టం పెరిగితే మనకు పండుగే. 1996లో వెలిగొండకు శంకుస్థాపన చేసిన నాటినుంచి ఎదురుచూపులకు అలవాటుపడిన వాళ్ళం కదా!

ఆ సోమవారం మా మిద్దె కారడం మొదలుపెట్టింది. సరిగ్గా నా సర్వీసు కాగితాలున్న ట్రంకుపెట్టె మీదే చుక్కలు పడ్డాయి. ఇంట్లో కేకలు వేశాను. "ఎండాకాలంలోనే బాగుచేయిద్దామన్నాను. డి.ఏ. బకాయి రానీ, చూద్దాం అన్నది మీరేగా" అంది మా ఆవిడ. దానికి జవాబు లేక ఇంకాస్త గట్టిగా అరిచాను. పొద్దుటినుంచి రాత్రి దాకా టీవీ ముందు కూర్చుని అదే మ్యాపు, అదే సుడి చూడటం. దాంతో లోకమంతా నా ట్రంకుపెట్టె చుట్టూనే తిరుగుతున్నట్టు అనిపించింది.

మంగళవారం రాత్రి మా అక్కయ్య దగ్గరనుంచి ఫోను వచ్చింది. ఆమెది బాపట్ల దగ్గర పల్లె. మూడెకరాల వరి. బాపట్ల పరిశోధనా కేంద్రంలో పుట్టిన 5204 రకమే వేశారు. రెండు రోజుల క్రితమే కోత కోశారు. పంట పనల మీద ఉండగానే నీళ్ళలో మునిగింది. ఆమె ఆ సంగతి చెప్పేలోపే, "అక్కా, మాకిక్కడ బ్రహ్మాండంగా పడుతోంది" అన్నాను. ఆమె పంట సంగతి చెప్పింది. అప్పుడైనా ఊరుకోవలసింది. ఓదార్చుతున్నాననుకుని, "1977 ఉప్పెనతో పోలిస్తే ఇదెంత అక్కా! ప్రాణాలు దక్కాయి, చాలు" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "సరేలేరా తమ్ముడూ" అని ఫోను పెట్టేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఏ 1977ను చూపించానో దాన్ని నా కళ్ళతో చూసినవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో సహాయ కార్యక్రమాల డ్యూటీ మీద నన్ను దివిసీమకు పంపించారు. నవంబరు 19న వచ్చిన ఆ ఉప్పెనలో సుమారు 10 వేల మంది పోయారని లెక్క. ఆ లెక్క కోసం జాబితాలు రాసిన గుమాస్తాల్లో నేనొకణ్ణి. ఒక పెద్దాయన తన కుటుంబంలో పోయినవారి పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. రాసిన తర్వాత నన్ను చదవమన్నాడు. చిన్నకూతురి పేరులో ఒక అక్షరం తప్పు పోయింది. "అది సరిగ్గా రాయండి బాబూ" అన్నాడు. అంత పెద్ద ఉప్పెనలో కూడా ఆయన దుఃఖం ఆయనదే. పక్క ఇంట్లో ఎంతమంది పోయారో చెబితే ఆయన దుఃఖం తగ్గేది కాదు. అది తెలిసినవాణ్ణే మా అక్కయ్యతో అలా మాట్లాడాను.

ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. బావగారు పనలు గట్టుమీదికి చేర్చి ఆరబెడుతున్నారు. తడిసిన గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లమని వ్యవసాయ శాఖవారు చెబుతారు. వాళ్ళు ఆ పనిలో ఉన్నారు. నేనూ సాయంత్రం దాకా పనలు తిరగేశాను. కొంత పంట దక్కింది, కొంత పోయింది. అన్నం పెడుతూ అక్కయ్య అడిగింది: "మిద్దె కారుతోందని మరదలు చెప్పింది. కాగితాలు తడవలేదు కదా?"

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. మూడెకరాలు నష్టపోయిన మనిషి నా ట్రంకుపెట్టె గురించి అడిగింది. నాకు ముద్ద దిగలేదు.

మిత్రులారా, అప్పుడు తెలిసిన సంగతి ఇది. దేనికి ఎంత విలువ ఇవ్వాలో చూసుకోవడం మంచిదే. అయితే ఆ కొలబద్ద మన బాధకు పెట్టుకోవాలి గాని ఎదుటివారి బాధకు పెట్టకూడదు. మన మిద్దె కారితే "ఇదెంత" అనుకుందాం. ఎదుటివారి పొలం మునిగితే "ఎంత పోయింది, నేనేం చేయను" అని అడుగుదాం.

భయానికి, జాగ్రత్తకు తేడా కూడా తెలుసుకోవాలి. 1990 మే 9న మళ్ళీ పెద్ద తుఫాను మన కోస్తాను తాకింది. ముందే హెచ్చరించి లక్షలాది మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. ఆ వెయ్యీ తక్కువేమీ కాదు. కానీ ప్రాణాలు కాపాడింది గాభరా కాదు, సకాలంలో చేసిన పని.

అందుకని నేనిప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. మనది పలకల ఊరు. మా ఇంట్లో మనవడి పాత పలక ఒకటుంది. తుఫాను కబురు రాగానే దాని మధ్యలో గీత గీస్తాను. ఒక పక్క నా చేతిలో ఉన్నవి: పది రోజుల మందులు, పెన్షను కాగితాలకు ప్లాస్టిక్ కవరు, టార్చిలైటు, ఒంటరిగా ఉన్న మిత్రుడికి ఒక ఫోను. రెండో పక్క నా చేతిలో లేనివి: గాలి, వాన, అది తీరం దాటే చోటు. మొదటి పక్కవి ఒక్కొక్కటే చేసి తుడిచేస్తాను. వాతావరణ శాఖ వారి బులెటిన్ రోజుకు రెండుసార్లు వింటాను, మిగతా వేళ టీవీ కట్టేస్తాను.

మిద్దె కూడా బాగుచేయించానండోయ్! బకాయి వచ్చేదాకా ఆగలేదు.

ఈసారి తుఫాను వస్తే, మన బోర్లలోకి నీరు వస్తుందని సంతోషిద్దాం, తప్పు లేదు. దానికి ముందు కోస్తాలో ఉన్న మనవాళ్ళకు ఒక ఫోను చేద్దాం. మనం చెప్పేది తర్వాత, వాళ్ళు చెప్పేది ముందు విందాం.