నిరీక్షణయందు ఓరిమి

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



ఏటేట ఈ వేదికపై పిల్లల చదువును గురించియే మాటలాడుట మాకు అలవాటు. ఈ యేడు, చదువు ముగించి దూరదేశమునకు పోయినవారి ఎదురుచూపును గురించి నాలుగు మాటలు చెప్పదలచితిమి. మీలో కొందరి బిడ్డలో తోబుట్టువులో అమెరికాలో గ్రీన్ కార్డునకు దరఖాస్తు చేసికొని యేండ్ల తరబడి వేచియున్నారు. ప్రతి పెండ్లిలోను బంధువులు "ఇంకను రాలేదా?" యని అడుగుదురు. జవాబు తోచక తల వంచుకొను తల్లులను మేమెరుగుదుము.

కారణమెరుగని నిరీక్షణ భయమును పెంచును. కావున ముందు కారణము తెలిసికొందము. అమెరికావారి 1990 నాటి చట్టము ప్రకారము, ఉద్యోగము మూలమున ఇచ్చు శాశ్వత నివాసపు అనుమతులు ఏటికి సుమారు 1,40,000. భార్యాబిడ్డలును ఈ లెక్కలోనివారే. సాధారణముగా ఏ యొక్క దేశమున పుట్టినవారికిని ఇందు నూటికి 7 పాళ్లకు మించి దక్కవు. దేశము పెద్దదైనను చిన్నదైనను హద్దు ఒక్కటియే. మనవారి దరఖాస్తులు మెండు గనుక వరుస పొడవైనది. ఎవరి వంతు ఎంతవరకు వచ్చినదో అచటి విదేశాంగ శాఖ నెలనెల వీసా బులెటిన్‌లో ప్రకటించును. 2025 వేసవిలో భారతీయుల రెండవ తరగతి వరుస 2013 జనవరి 1వ తేదీకడ నుండెను. అనగా పన్నెండేండ్లకు పైబడిన నిరీక్షణ. ఆ తేదీ యొక్కొకప్పుడు వెనుకకును జరుగును. 2022లో అట్లే జరిగినది. ఇందు మీ బిడ్డ అసమర్థత యేమియు లేదు.

ఓరిమి యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. మన చేతిలో లేనిదానికై కుమిలిపోక, చేతిలోనున్నదానిని చక్కబెట్టుకొనుటయే ఓరిమి. అచట ఇల్లు మారినవారు పది దినములలో ఆ సంగతి ప్రభుత్వమునకు తెలుపవలెను. బిడ్డకు 21 ఏండ్లు సమీపించుచున్నచో ముందుగానే న్యాయవాదిని సంప్రదింపవలెను. ఆ వయస్సు దాటినవారిలో కొందరిని 2002 నాటి చట్టము కాపాడునుగాని అందరినీ కాదు. సొమ్ము పుచ్చుకొని వరుసలో ముందుకు జరిపింతుమను దళారుల మాట నమ్మరాదు.

ఇక మా తప్పు నొకదానిని మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది. సుమారు ముప్పది యేండ్ల క్రిందట ఒక తండ్రి కుమారుని బడిలో చేర్ప వచ్చెను. పుట్టినతేది యడుగగా "జూన్ ఒకటి వేసికొనుడు, అయ్యా" యనెను. అందరును అట్లే చేయుచుండిరి. మేమును మా చేతితోనే అట్లే వ్రాసితిమి. ఇంటిపేరు విడిచి, ఈ ప్రాంతపు తమిళుల వాడుక చొప్పున తండ్రిపేరి పొడియక్షరమును ముందు పెట్టితిమి. పురపాలక సంఘపు జనన పత్రములో తేది వేరు, పేరు వేరు. పాస్‌పోర్టు మాత్రము బడి పత్రమును అనుసరించినది. 2022లో ఆ పిల్లవాని వంతు వచ్చినప్పుడు అధికారులు ఈ భేదమునకు రుజువులడిగిరి. మేము పాత రిజిస్టరు వెదకి ధ్రువపత్రము వ్రాసి పంపునంతలో వరుస తేదీ వెనుకకు జరిగినది. అతడు నేటికిని వేచియున్నాడు.

అతని తల్లి మమ్ము ఒక్కమాటయు అనలేదు. అతడును నిష్ఠురమాడక, "మాస్టరుగారూ, కార్డు వచ్చినప్పుడు వచ్చును. ఈలోపున అమ్మాయికి ఓనమాలు దిద్దించుచున్నాను" అని వ్రాసెను. ఆ జాబు చదివి మేము సిగ్గుపడితిమి. ఓరిమి యేమో నేర్చుకొంటిమి. వంతు వచ్చువరకు బ్రతుకును వాయిదా వేసికొనరాదు.

కావున మీకు రెండు మనవులు. 1969 నాటి చట్టము ననుసరించి బిడ్డ పుట్టిన 21 దినములలోపల జననమును తెలియజేసి పత్రము పొందుడు. బడిలో చేర్చునప్పుడు ఆ తేదినే, ఆ పేరునే, అక్షరము మారకుండ వ్రాయింపుడు. ఇకమీదట పత్రము చూడనిదే మేము కలము పట్టము. రెండవది, దూరముననున్న బిడ్డతో మాటలాడునప్పుడు "ఇంకను రాలేదా?" యని అడుగకుడు. "కులాసాయా నాయనా?" యని అడుగుడు. ఎదురుచూచువానికి ఆ పలుకే సగము బలము.

సెలవు.